కండ పెరగాలంటే ఏం తినాలి? తిరుపతి, చిత్తూరు ఇళ్లలో దొరికేవాటిలో ఏది ఎవరికి

కండ పెంచాలనుకునేవారికి మన ఊళ్లలో సలహాలకు కొదవ లేదు. ఇంట్లో పెద్దవాళ్లు రాగి సంగటి తినమంటారు. మేనమామ నాటుకోడి పులుసు అంటాడు. జిమ్‌లో పక్కనున్న కుర్రాడు పౌడర్ డబ్బా చూపిస్తాడు. శాకాహారుల ఇంట్లో అయితే గుప్పెడు వేరుశనగలు చేతిలో పెడతారు. వీటిలో ప్రతిదానికీ ఒక చోటు ఉంది. అయితే అన్నీ ఒకే పని చేయవు. ఏది ఏ పనికి వస్తుందో తెలియకుండా ఎంచుకుంటే డబ్బు ఖర్చవుతుంది, పొట్ట పెరుగుతుంది, భుజాలు మాత్రం అలాగే ఉంటాయి.

ఎంచుకునే ముందు మీ లోటు ఎంతో లెక్క కట్టండి. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి శరీర బరువులో కిలోకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. అది మామూలు జీవితానికి. బరువులెత్తి కండ పెంచాలనుకునేవారికి కిలోకు 1.6 గ్రాముల దాకా ఉపయోగపడుతుందని క్రీడా పోషణ పరిశోధనలు చెబుతున్నాయి. 2 గ్రాములు దాటాక అదనంగా కలిగే మేలు చాలా తక్కువ. అంటే 60 కిలోల యువకుడికి రోజుకు సుమారు 96 గ్రాములు కావాలి.

ఇప్పుడు అతని కంచం చూద్దాం. ఉదయం నాలుగు ఇడ్లీలు, సాంబారు, చట్నీ కలిపి 10 గ్రాములు వస్తాయి. మధ్యాహ్నం కడుపునిండా అన్నం, గరిటెడు పప్పు, చారు, పెరుగు తింటే 20. సాయంత్రం టీతో రెండు మసాలా వడలు, మరో 4 లేదా 5. రాత్రి చపాతీలు లేదా అన్నం, కూర, మజ్జిగ కలిపి 12 నుంచి 15. మొత్తం 50కి కాస్త అటూ ఇటూ. ఇంకా 45 గ్రాముల లోటు ఉంది. ఈ 45 ఎక్కడి నుంచి తేవాలన్నదే అసలు ప్రశ్న. ఇడ్లీలు నాలుగు నుంచి ఎనిమిది చేసుకుంటే ఈ లోటు తీరదు, పిండి పదార్థం మాత్రమే పెరుగుతుంది.

పోలికకు ఒక కొలత పెట్టుకుందాం. ఒక పూటకు 25 గ్రాముల ప్రొటీన్ కావాలంటే ఏది ఎంత తినాలి, దాంతోపాటు ఎన్ని కేలరీలు వస్తాయి? నాలుగు గుడ్లు తింటే సుమారు 300 కేలరీలు. పచ్చిగా తూచిన కోడి రొమ్ము మాంసం 110 గ్రాములు, 130 కేలరీలు. మీల్ మేకర్ 50 గ్రాములు, 170 కేలరీలు. టోన్డ్ పాలు 800 మిల్లీలీటర్లు, 470 కేలరీలకు దగ్గర. పనీర్ 140 గ్రాములు, 400 కేలరీలకు పైన. కందిపప్పు 115 గ్రాములు, అంటే ఒక్కరే తినడానికి కష్టమైనంత పప్పు, దాదాపు 390 కేలరీలు. వేరుశనగలు 100 గ్రాములు, 560 కేలరీలకు పైన. ఈ అంకెలు రకాన్ని బట్టి కొంత మారతాయి కానీ వీటి మధ్య ఉన్న తేడా మారదు.

గుడ్డు: మాంసాహారులకు మొదటి ఎంపిక

గుడ్డు తినే ఇంట్లో పుట్టినవారికి నా సలహాలో ఎప్పుడూ మొదటి స్థానం గుడ్డుదే. ఒక్కో గుడ్డులో 6 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. ప్రొటీన్‌కు ఇటుకల్లాంటివి అమైనో ఆమ్లాలు, శరీరానికి అవసరమైనవన్నీ గుడ్డులో సరిపడా ఉంటాయి. వండటం రానివారు కూడా ఉడికించుకోగలరు, జేబులో పెట్టుకుని పనికి తీసుకెళ్లగలరు. పచ్చసొన తీసి పారేసేవారిని చూస్తే బాధగా ఉంటుంది. గుడ్డులోని ప్రొటీన్‌లో 40 శాతానికి పైగా పచ్చసొనలోనే ఉంది. విటమిన్ ఎ, విటమిన్ డి, కోలిన్ అనే పోషకం కూడా అక్కడే ఉన్నాయి. తెల్లసొనతోనే 25 గ్రాములు రావాలంటే ఏడు గుడ్లు పగలగొట్టాలి. ఆరోగ్యంగా ఉన్న యువకులు రోజుకు రెండు మూడు గుడ్లు పూర్తిగా తిని, ఆపైన కావలసినవాటికి తెల్లసొన వాడుకోవచ్చు. మధుమేహం, గుండె జబ్బు, అధిక కొలెస్ట్రాల్ ఉన్నవారు ఎన్ని తినాలో తమ వైద్యుణ్ణి అడగాలి.

పచ్చిగుడ్డు పాలలో కొట్టుకుని తాగితే బలమన్న నమ్మకం మన దగ్గర ఇంకా ఉంది. దాన్ని వదిలేయండి. ఉడికిన గుడ్డులోని ప్రొటీన్‌లో 90 శాతం వరకు శరీరం గ్రహిస్తే, పచ్చిగుడ్డు నుంచి గ్రహించేది సగం మాత్రమే. పైగా సాల్మొనెల్లా బాక్టీరియా ప్రమాదం కూడా ఉంది. ఉడికించడానికి పట్టే పది నిమిషాలకు అంతకంటే మంచి ప్రతిఫలం ఉండదు.

బ్రాయిలరా, నాటుకోడా

రుచి అడిగితే నాటుకోడే. రాగి సంగటిలో నాటుకోడి పులుసు పోసుకుని తిన్నవారికి దీనిపై వాదన అవసరం లేదు. కండ సంగతి అడిగితే మాత్రం రెండింటికీ పెద్ద తేడా లేదు. చర్మం తీసిన బ్రాయిలర్ రొమ్ము మాంసంలో 100 గ్రాములకు 22 గ్రాముల వరకు ప్రొటీన్ ఉంటుంది, నాటుకోడిలోనూ దాదాపు అంతే. నాటుకోడిలో కొవ్వు తక్కువ, మాంసం గట్టిగా ఉంటుంది, ధర మాత్రం చాలా ఎక్కువ. కండ కోసం వారంలో నాలుగు రోజులు కోడి తినాలనుకునేవారు బ్రాయిలర్ తినడమే తెలివైన పని. నాటుకోడిని ఆదివారానికి, పండక్కి, అల్లుడొచ్చిన రోజుకు ఉంచుకోండి. బ్రాయిలర్ కోళ్లను హార్మోన్ ఇంజెక్షన్లతో పెంచుతారని చాలామంది భయపడతారు, కానీ అవి త్వరగా పెరగడానికి ప్రధాన కారణం తరతరాలుగా జరిగిన జాతి ఎంపిక, దాణా. అసలు జాగ్రత్త పడాల్సింది కోళ్లకు వాడే యాంటీబయాటిక్స్ విషయంలో. శుభ్రంగా కోసి, తాజాగా అమ్మే దుకాణాన్ని ఎంచుకుని, బాగా ఉడికించి తినాలి.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. ఇంట్లో కోడి కూర వండినరోజు కండకు కావలసినంత తిన్నామనుకుంటాం. చాలా ఇళ్లలో ఒక్కొక్కరి కంచంలో పడేది రెండు మూడు ముక్కలు, అందులోనూ ఎముకే ఎక్కువ. పులుసు ఎంత చిక్కగా ఉన్నా అందులో ఉండేది కారం, మసాలా, కొబ్బరి, నూనె. ముక్కలు ఎన్ని తిన్నామన్నదే లెక్క. ఎముకతో కొన్న మాంసమైతే 25 గ్రాముల ప్రొటీన్ కోసం పచ్చిగా 180 గ్రాములకు తక్కువ కాకుండా మీ వాటాకు రావాలి.

కాళ్ల పులుసు తాగితే కండ పడుతుందంటారు. పొట్టేలు కాళ్లు ఉడికితే దిగేది ఎక్కువగా కొల్లాజెన్, అంటే చర్మం, కీళ్లలో ఉండే ఒక రకం ప్రొటీన్. అందులో ట్రిప్టోఫాన్ అనే అవసరమైన అమైనో ఆమ్లం లేదు, కండకు ముఖ్యమైన ల్యూసిన్ కూడా తక్కువ. చలికాలంలో తాగడానికి హాయిగా ఉంటుంది, తాగండి. కానీ ఆ రోజు లెక్కలో దాన్ని గుడ్డుకు, మాంసానికి బదులుగా వేసుకోవద్దు. మటన్ మంచి ఆహారమే, ఇనుము, బి12 బాగా ఉంటాయి. అయితే కొవ్వు, ధర రెండూ ఎక్కువ కాబట్టి వారానికి ఒకసారి చాలు. చెరువు చేపలు, శీలావతి అయినా బొచ్చె అయినా, 100 గ్రాములకు 18 గ్రాములకు దగ్గరగా ఇస్తాయి, తేలికగా అరుగుతాయి. వేపుడు కంటే పులుసు మేలు.

శాకాహారులకు దారి

నా దృష్టిలో అసలు శ్రద్ధ పెట్టాల్సిన భాగం ఇదే. తిరుపతిలో శాకాహార కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మాంసం తినే ఇళ్లలోనూ చాలామంది శనివారం ముట్టరు. పెరటాసి నెల వచ్చిందంటే, సెప్టెంబరు నడిమి నుంచి అక్టోబరు నడిమి దాకా, కొన్ని ఇళ్లలో గుడ్డు కూడా గడప దాటి లోపలికి రాదు. తిరుమల కొండపై ఉద్యోగం చేసేవారికి అక్కడున్నంతసేపు మాంసం, గుడ్డు రెండూ నిషిద్ధమే. అంటే ఈ ఊళ్లో కండ పెంచాలనుకునే ప్రతివారికీ ఒక మంచి శాకాహార ప్రణాళిక చేతిలో ఉండాలి.

ఆ ప్రణాళికకు వెన్నెముక మీల్ మేకర్. సోయా నూనె తీసిన పిండితో చేసే ఈ ఉండలలో 100 గ్రాములకు 52 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, కొవ్వు లేనట్టే. పప్పుధాన్యాలన్నిటిలోనూ సోయా ప్రొటీన్ నాణ్యత పాలకు, గుడ్డుకు దగ్గరగా వస్తుంది. ఉప్పు నీళ్లలో ఉడికించి, రెండుసార్లు గట్టిగా పిండేస్తే పచ్చివాసన పోతుంది. ఆ తరువాత కుర్మాలో వేసినా, అన్నంలో వేయించినా బాగుంటుంది. సోయా తింటే మగవారిలో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ తగ్గిపోతుందన్న భయానికి మనుషులపై జరిగిన పరిశోధనలలో ఆధారం దొరకలేదు. రోజుకు 50 గ్రాములు నిశ్చింతగా తినవచ్చు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవారు మాత్రం మాత్రకు, సోయాకు మధ్య కొన్ని గంటల వ్యవధి ఉంచాలి, ఎందుకంటే మాత్ర శరీరానికి అందడాన్ని సోయా తగ్గిస్తుంది.

పాలు, పెరుగు, పనీర్ మధ్య ఎంపికలో నేను పాలవైపు, పెరుగువైపు ఉంటాను. రోజుకు అర లీటరు పాలతో 16 గ్రాములు వస్తాయి, ఇంట్లో కొత్తగా వండాల్సింది ఏదీ లేదు. సన్నగా ఉండి బరువు పెరగాలనుకునేవారు వెన్నతో ఉన్న పాలు తాగవచ్చు. నడుము చుట్టూ ఇప్పటికే కొవ్వు ఉన్నవారు టోన్డ్ లేదా డబుల్ టోన్డ్ పాలు తీసుకోవాలి, వాటిలో ప్రొటీన్ తగ్గదు. పాలు తాగితే కడుపు ఉబ్బేవారికి పెరుగు సరిపడుతుంది. పెరుగును పలుచని బట్టలో మూటగట్టి రెండు మూడు గంటలు వేలాడదీస్తే నీరు కారిపోయి చిక్కబడుతుంది, అంతే పరిమాణంలో ప్రొటీన్ ఎక్కువ వస్తుంది. నీళ్ల మజ్జిగను మాత్రం లెక్కలో వేయవద్దు. పనీర్ రుచిగా ఉంటుంది కానీ దాంట్లో ప్రొటీన్ ఎంతో కొవ్వు అంతకంటే కాస్త ఎక్కువే. దాన్ని వారానికి రెండు రోజులకు పరిమితం చేస్తే జేబుకీ నడుముకీ మంచిది.

పప్పుల విషయంలో ఏ పప్పు అన్న ప్రశ్న కంటే ఎంత చిక్కగా అన్న ప్రశ్న ముఖ్యం. కంది, పెసర, శనగ, అలసంద, ఉలవ అన్నీ ఎండుగా 100 గ్రాములకు 20 నుంచి 24 గ్రాముల మధ్యే ఉంటాయి. సాంబారులో, చారులో పలుచబడిన పప్పు మనిషికి వచ్చేసరికి 2, 3 గ్రాములు మిగులుతుంది. ముద్దపప్పు, గుగ్గిళ్లు అయితే ఒక కప్పుకు 7, 8 వస్తాయి. ఉలవల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఉలవచారు కాచి, ఉడికిన ఉలవలను పశువులకు పెట్టడం మన అలవాటు. రుచి చారులోకి దిగుతుంది, ప్రొటీన్ మాత్రం చాలావరకు గింజలోనే ఉండిపోతుంది. ఆ గింజలను తాలింపు పెట్టి గుగ్గిళ్లు చేసుకోండి. చలికాలంలో అనపకాయలు వచ్చినప్పుడు చిత్తూరు ఇళ్లలో నానిన గింజల పొట్టు తీసి చేసే పితికిపప్పు కూర కూడా ఈ జాబితాలోకి హాయిగా వస్తుంది, ఆ కాలాన్ని వదులుకోవద్దు. పప్పుధాన్యాలలో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, బియ్యం రాగులలో లైసిన్ తక్కువ. ఒకదాని కొరత ఇంకొకటి తీరుస్తుంది, అందుకే పప్పన్నం, సంగటి పప్పు జోడీలు మంచివి. ఒకే పూట కలిపి తినాలన్న నియమం కూడా లేదు, రోజు మొత్తంలో రెండూ ఉంటే చాలు.

వేరుశనగ, పుట్నాలు

వేరుశనగ మన నేల పంట. ఊరుబిండి అనే వేరుశనగ పచ్చడి లేని సంగటి చాలామందికి ముద్ద దిగదు. అందుకే ఈ మాట జాగ్రత్తగా చెబుతున్నాను: వేరుశనగను బరువు పెంచే ఆహారంగా చూడండి, ప్రొటీన్ కోసం దానిమీద ఆధారపడవద్దు. 100 గ్రాములలో 25 గ్రాముల ప్రొటీన్ ఉన్నా, 45 గ్రాములకు పైగా నూనె ఉంటుంది. ఎంత తిన్నా ఒంటికి పట్టని సన్నటి కుర్రాడికి ఇది వరం, రోజుకు గుప్పెడు లేదా రెండు గుప్పెళ్లు తినమంటాను. పొట్ట ఉండి కండ కావాలనుకునేవారు అదే స్థానంలో పుట్నాల పప్పు తినాలి. దాంట్లోనూ ప్రొటీన్ 20 గ్రాములకు పైన ఉంటుంది, కొవ్వు మాత్రం వేరుశనగలో ఉన్నదానిలో ఎనిమిదో వంతుకు అటూ ఇటూ. పుట్నాల పొడి కాస్త ఎక్కువగా చేసి ఉంచుకుంటే ఇడ్లీకి, అన్నానికి రెండింటికీ పనికొస్తుంది. బూజు పట్టిన, ముడుచుకుపోయిన, చేదెక్కిన వేరుశనగలను ఎట్టి పరిస్థితిలోనూ తినవద్దు. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయానికి హానికరం, వేయించినా పూర్తిగా పోదు.

సంగటా, అన్నమా

రాగులలో ప్రొటీన్ 7 గ్రాములే, బియ్యంలో ఉన్నంత. సంగటి తిన్నవారి బలం చూసి అది కండ పెంచుతుందనుకుంటాం, కానీ సంగటి ఇచ్చేది ఓర్పుగా పనిచేయడానికి కావలసిన శక్తి. దానితోపాటు 100 గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం, మంచి పీచు వస్తాయి. ఆ శక్తి కూడా తప్పనిసరిగా కావాలి. పిండి పదార్థం మానేసి కోడి, గుడ్లే తింటే వ్యాయామంలో బరువులు లేవవు, తిన్న ప్రొటీన్‌లో కొంత ఇంధనంగా ఖర్చయిపోతుంది. కాబట్టి మధ్యాహ్నం, రాత్రి ఒక పూట సంగటి, ఒక పూట అన్నం పెట్టుకోండి. వ్యాయామానికి ముందు మాత్రం పీచు ఎక్కువున్న సంగటి కంటే ఇడ్లీ, అరటిపండు తేలిక. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి కొండకు వెళ్లేరోజుకు కూడా ఇదే వర్తిస్తుంది. ఆ నడక కాళ్లకు, గుండెకు గొప్ప వ్యాయామం, ఛాతీకి భుజాలకు మాత్రం బరువులు ఎత్తక తప్పదు.

డబ్బా ఎప్పుడు కొనాలి

వే ప్రొటీన్ పాల నుంచి తీసిన ఆహారమే, మందు కాదు, విషమూ కాదు. డబ్బాలో వచ్చే చెంచాతో ఒక కొలతకు సుమారు 24 గ్రాముల ప్రొటీన్ ఇస్తుంది, త్వరగా అరుగుతుంది, ల్యూసిన్ ఎక్కువ. గుడ్డు, పాలు, మీల్ మేకర్ అన్నీ పెట్టుకున్నా లోటు మిగిలినప్పుడు, లేదా వంటకు వీలులేనప్పుడు కొనవచ్చు. దాన్నే మొదటి మెట్టుగా పెట్టుకోవడం నాకు నచ్చదు. భోజనం సరిగా లేకుండా డబ్బా మీద నడిచేవారు డబ్బా అయిపోయిన నెల వెనక్కి పోతారు. కొంటే బిల్లు ఇచ్చే దుకాణంలో కొనండి, డబ్బా మీద 14 అంకెల ఆహార లైసెన్సు సంఖ్య, మూత మీద చెక్కుచెదరని సీలు ఉన్నాయో లేదో చూడండి.

బరువు పెంచే పౌడర్ల పేరుతో వచ్చే పెద్ద డబ్బాలను మాత్రం వద్దంటాను. వెనక ముద్రించిన పట్టిక చదివితే వాటిలో చాలావరకు చక్కెర, మాల్టోడెక్స్ట్రిన్ వంటి పిండి పదార్థాలే కనిపిస్తాయి. దానికి బదులు ఇంట్లోనే 300 మిల్లీలీటర్ల పాలు, రెండు అరటిపండ్లు, 30 గ్రాముల వేయించిన వేరుశనగలు, చిన్న బెల్లం ముక్క కలిపి మిక్సీలో తిప్పండి. 550 కేలరీలకు పైన, దాదాపు 19 గ్రాముల ప్రొటీన్ వస్తాయి. క్రియేటిన్ మోనోహైడ్రేట్ అనే పొడి గురించి కూడా చాలామంది అడుగుతారు. రోజుకు 3 నుంచి 5 గ్రాములు తీసుకుంటే బలం పెరగడానికి సహాయపడుతుందని పరిశోధనలలో బాగా తేలిన పదార్థం అది. అయినా తిండి, నిద్ర కుదిరాకే దాని గురించి ఆలోచించాలి.

ఖర్చు చూసుకుంటే

ధరలు వారం వారం మారతాయి కాబట్టి లెక్కకట్టే పద్ధతి పట్టుకోండి. 25 గ్రాముల ప్రొటీన్‌కు కావలసిన పరిమాణాన్ని ఆ రోజు ధరతో గుణించాలి. మీల్ మేకర్ కిలో 160 రూపాయలనుకుంటే 8 రూపాయలు. గుడ్డు 7 అనుకుంటే 28. ఎముకతో కోడి కిలో 250 అనుకుంటే 45 లేదా 46. లీటరు పాలు 60 అనుకుంటే 48. పనీర్ కిలో 400 అనుకుంటే 56. వే ప్రొటీన్ కిలో 2,500 అనుకుంటే 80 దాటుతుంది. విశ్వవిద్యాలయం చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండి నెలకింత అని లెక్కగా ఖర్చుపెట్టే విద్యార్థులకు ఈ వరస చాలా ముఖ్యం. వారికి నేను చెప్పేది ఇది: గది నియమాలు ఒప్పుకుంటే ఒక విద్యుత్ కెటిల్ కొనుక్కోండి. ఉదయం మెస్ ఇడ్లీతో మూడు ఉడికిన గుడ్లు, రాత్రి మెస్ కూరలో ఉడికించి పిండిన గుప్పెడు మీల్ మేకర్, పడుకునే ముందు ఒక పాల ప్యాకెట్టులో సగం. ఇంతటితో 45 గ్రాముల లోటు దాదాపు తీరిపోతుంది. గుడ్డు తినని విద్యార్థి మూడు గుడ్ల స్థానంలో కప్పు శనగ గుగ్గిళ్లు, పెద్ద కప్పు పెరుగు పెట్టుకోవాలి, మీల్ మేకర్ కొంచెం పెంచాలి.

యాభై దాటిన తల్లిదండ్రుల గురించి కూడా ఆలోచించండి. వయసుతో కండ కరుగుతుంది, తిన్న ప్రొటీన్‌కు కండరం స్పందించడమూ తగ్గుతుంది. వారికి రాత్రి మజ్జిగన్నంతో సరిపెట్టకుండా ఒక గుడ్డు లేదా గ్లాసు పాలు తప్పకుండా ఉండాలి. బరువులెత్తితే మగవాళ్లలా అయిపోతామని భయపడే ఆడవారికి కూడా ఇదే లెక్క, ఇదే తిండి. వారి హార్మోన్లతో అంత పెద్ద కండలు రావు.

ప్రొటీన్ పెంచే ముందు, ముఖ్యంగా మధుమేహం, రక్తపోటు ఉన్నవారు, ఇంట్లో ఎవరికైనా మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఒకసారి రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవాలి, మూత్రపిండాలు ఎలా పనిచేస్తున్నాయో అది చెబుతుంది. మూత్రపిండాలు ఆరోగ్యంగా ఉంటే పైన చెప్పిన మోతాదులు హాని చేయవు. ఇప్పటికే జబ్బు ఉంటే మాత్రం వైద్యుడు చెప్పిన కొలతే తినాలి.

మొదలుపెట్టాక నాలుగు వారాలు ఏమీ మార్చకుండా తినండి. వారానికి ఒకసారి ఉదయాన్నే ఖాళీ కడుపుతో బరువు చూసుకోండి, నడుము టేపుతో కొలవండి. 60 కిలోల మనిషి నెలకు కిలోకు దగ్గరగా పెరిగితే సరైన వేగం. బరువు కదలకపోతే రోజూ ఇంకో ముద్ద సంగటి, ఒక అరటిపండు, గుప్పెడు వేరుశనగలు కలపండి. నడుము త్వరగా పెరుగుతుంటే వేరుశనగ, నెయ్యి, సాయంత్రం వడలు తగ్గించండి, గుడ్లు, పాలు, మీల్ మేకర్ మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచండి.